హెచ్.ఐ.వి. ఉన్నవారిలో మానసిక కుంగుబాటు – ఇంటి పెద్దలుగా మనం తెలుసుకోవలసినవి

(మన సంఘం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో ఆరోగ్యం అనగానే షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులు, కంటి శుక్లాలు గుర్తుకు వస్తాయి. వాటి గురించి చెప్పడానికి డాక్టరుగార్లు వస్తూనే ఉన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్ళు ట్రెజరీ శాఖలో గుమాస్తాగిరీ చేసి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా హెచ్.ఐ.వి. గురించి, అందులోనూ హెచ్.ఐ.వి. ఉన్నవారి మనసు గురించి మాట్లాడతానని నేనే అడిగాను. ఎందుకో మనవి చేస్తాను.

సర్వీసులో ఉండగా ఫ్యామిలీ పింఛను కాగితాలు నా సీటుకే వచ్చేవి. 1990ల చివర నుంచి ఆ కాగితాలలో ఒక మార్పు కనిపించింది. చనిపోయినవారి వయస్సు ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, నలభై ఒకటి. పింఛను కోరే భార్య వయస్సు ఇరవై ఎనిమిది, ముప్పై. మరణ కారణం ఏమిటని అడిగితే క్షయ అనేవారు, జ్వరం అనేవారు, విరేచనాలు అనేవారు. అసలు పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. ఆ అమ్మాయిలు కౌంటరు దగ్గర తలెత్తకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు.

రిటైరయ్యాక ఒక మిత్రునితో కలిసి వారానికి రెండు పూటలు ప్రభుత్వాసుపత్రి ఆవరణలో కూర్చుని, కావలసినవారికి ఫారాలు నింపి పెడుతున్నాను. సామాజిక పింఛను దరఖాస్తు, రేషన్ కార్డు, బ్యాంకు కాగితాలు, పిల్లల స్కూలు అర్జీలు, ఏదైనా సరే. పక్కనే ఏ.ఆర్.టి. కేంద్రం, అంటే హెచ్.ఐ.వి. మందులు ఉచితంగా ఇచ్చే చోటు. ఫారం నింపేవాడి ముందు మనిషి తన సంగతంతా చెప్పుకుంటాడు. అలా విన్నవాటిని, అక్కడి డాక్టర్లనూ కౌన్సిలర్లనూ అడిగి తెలుసుకున్నవాటిని కలిపి ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. ఎవరి ఆనవాలూ తెలియకుండా చెబుతాను. అది నా మాట.

కాలం మారింది

మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదటిసారి 1986లో మద్రాసులో గుర్తించారు. డాక్టర్ సునీతి సోలోమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల అనే వైద్య విద్యార్థిని సేకరించిన రక్త నమూనాలలో అది బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా మందులు ఇవ్వడం మొదలైంది. మొదట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికే ఇచ్చేవారు. 2017 నుంచి పరీక్షలో ఉందని తేలగానే ప్రారంభిస్తున్నారు.

2023 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. నేను జీవిస్తున్నారు అంటున్నాను, గమనించండి. మందు క్రమంగా వేసుకునే మనిషి ఇప్పుడు అందరిలాగే వృద్ధాప్యం దాకా బతుకుతాడు. రక్తంలో వైరస్ పరీక్షకు కనిపించనంతగా తగ్గి, అలాగే నిలకడగా ఉంటే లైంగిక సంబంధం వల్ల కూడా ఎదుటివారికి సోకదని పెద్ద పెద్ద అధ్యయనాలలో రుజువైంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, దోమ కుట్టినా సోకదనేది మొదటి నుంచీ తెలిసిన సంగతే.

మరి ఇంత మంచి మందు ఉండగా కొందరు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది, మనం మాట్లాడుకోనిది, మానసిక కుంగుబాటు. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఇది లేనివారి కంటే సుమారు రెండు రెట్లు ఎక్కువగా కనిపిస్తుందని, అంతకు ముందటి అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2001లోనే చెప్పింది. కుంగిపోయిన మనిషి మాత్ర మరచిపోతాడు, లేదా కావాలనే మానేస్తాడు. మానేస్తే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, కొన్నాళ్ళకు ఆ మందు పనిచేయకుండా పోయే ప్రమాదమూ ఉంది. అందువల్ల ఇది కేవలం దిగులు సమస్య కాదు, ప్రాణం సమస్య.

ఏది దిగులు, ఏది జబ్బు?

కష్టం వచ్చినప్పుడు ఏడవడం జబ్బు కాదు. కానీ రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ భాగం మనసు బరువుగా ఉండడం, ఇంతకు ముందు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, వీటితోపాటు నిద్ర, ఆకలి తారుమారు కావడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద ధ్యాస నిలవకపోవడం, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనుకోవడం, చావు గురించిన ఆలోచనలు రావడం – ఇలాంటివి కొన్ని కలిసి ఉంటే అది చికిత్స కావలసిన జబ్బు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నీరసం, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం హెచ్.ఐ.వి. వల్ల కూడా రావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం ఉన్నా ఇలాగే ఉంటుంది. అందుకే ‘ఆ జబ్బుకు ఇలాగే ఉంటుందిలే’ అని ఇంట్లోవారూ, ‘దిగులుతో అలా ఉన్నాడు’ అని ఇరుగుపొరుగువారూ తీర్పు చెప్పకుండా డాక్టరుకు చూపించాలి.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

ఫైలులో అంశాల వారీగా నోటు రాయడం నాకు అలవాటు. అలాగే చెబుతాను.

1. కొత్తగా తెలిసినవారు. పరీక్ష ఫలితం చేతికి వచ్చిన మొదటి వారాలు, నెలలు చాలా కష్టకాలం. ఆ సమయంలో మనిషిని ఒంటరిగా వదలకూడదు. జబ్బు ముదిరినప్పుడు, వేరే ఇన్‌ఫెక్షన్లు వచ్చినప్పుడు, మందు మార్చవలసి వచ్చినప్పుడు కూడా ఇటువంటి గడ్డుకాలమే వస్తుంది.

2. వెలి. అన్నిటికంటే పెద్ద కారణం ఇదే అనిపిస్తుంది నాకు. ఎదుటివారు పెట్టే వెలి ఒకటి. ‘నేను తప్పు చేశాను, నాకు ఇదే తగిన శాస్తి’ అని తనకు తాను వేసుకునే శిక్ష రెండవది. రెండవది ఇంకా లోతైనది, ఎందుకంటే అది రాత్రి పడుకున్నా వదలదు. భర్త ద్వారా సోకిన ఇల్లాలు కూడా తనను తానే నిందించుకోవడం నేను చూశాను.

3. రహస్యం మోయడం. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, మాత్రల సీసా ఎక్కడ దాచాలి, నెలనెలా ఆసుపత్రికి ఏ వంక చెప్పి వెళ్ళాలి – ఈ లెక్కలతోనే సగం ఓపిక అయిపోతుంది.

4. స్త్రీలు, ముఖ్యంగా చిన్న వయస్సులో వితంతువులైనవారు. భర్త పోతాడు, అత్తింటివారు ‘నీవల్లే’ అంటారు, పుట్టింటివారు ‘ఇంకో చెల్లెలికి పెళ్ళి కావాలి’ అంటారు. ఆస్తి లేదు, ఆదాయం లేదు, పిల్లలున్నారు.

5. పేదరికం, ఉపాధి లేకపోవడం. ఆకలితో ఉన్న మనిషికి మాత్ర కూడా భారమే.

6. ముందు నుంచీ మానసిక జబ్బు ఉన్నవారు, దగ్గరి బంధువులలో అది ఉన్నవారు, మద్యానికి అలవాటుపడినవారు. దిగులు మరచిపోవడానికి తాగుతాడు, తాగడం వల్ల దిగులు ఇంకా పెరుగుతుంది, మాత్ర తప్పిపోతుంది.

7. శరీర కారణాలు. వైరస్ మెదడు దాకా చేరుతుంది. మందులలో కూడా కొన్ని మనసు మీద ప్రభావం చూపుతాయి. ఎఫావిరెంజ్ అనే మందుతో కొందరికి పీడకలలు, తల తిరగడం, దిగులు, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవి. గత కొన్నేళ్ళుగా మన దేశంలో ఎక్కువమందికి దాని బదులు డోల్యూటెగ్రావిర్ కలిసిన మాత్ర ఇస్తున్నారు. దీనితోనూ కొందరికి నిద్ర పట్టకపోవచ్చు. మందు మొదలుపెట్టాక మనసు మారితే డాక్టరుకు చెప్పాలి. సొంతంగా మానకూడదు.

8. పుట్టుకతో సోకిన పిల్లలు. వాళ్ళిప్పుడు కౌమారంలో, యవ్వనంలో ఉన్నారు. చిన్నప్పుడు ‘బలానికి మాత్ర’ అని చెప్పి వేశారు. అసలు విషయం ఎవరో బయటివారి నోట వింటే ఆ పిల్లవాడి గతేమిటి? కౌన్సిలరు సాయంతో, వయస్సుకు తగినట్టు, కొద్దికొద్దిగా ఇంట్లోవారే చెప్పడం మేలు.

9. వృద్ధాప్యం. 2004లో ముప్పై ఐదేళ్ళ వయస్సులో మందు మొదలుపెట్టినవారికి ఇప్పుడు యాభై ఐదు దాటింది. వారికీ షుగరు, బి.పి. వస్తున్నాయి. తోడు పోయినవారు, పిల్లలు దూరంగా ఉన్నవారు ఉన్నారు. మన పింఛనుదారులలోనూ హెచ్.ఐ.వి. ఉన్నవారు ఉన్నారు.

ఈ తొమ్మిదిలో మూడో నాలుగో ఒకే మనిషి మీద పడటమే తరచుగా జరిగేది.

నేను చూసిన రెండు సంగతులు

ఒక తల్లి. భర్త ప్రభుత్వ ఉద్యోగి, పోయారు. ఆమెకు ఫ్యామిలీ పింఛను వస్తుంది. కొడుకుకు నలభై అయిదు ఉంటాయి, ఆటో తోలుతాడు. ఏళ్ళ తరబడి మందు తప్పలేదు, పరీక్షలన్నీ బాగున్నాయి. ఉన్నట్టుండి మూడు నెలలు ఆసుపత్రికి రాలేదు. ఆమె నా దగ్గరకు వచ్చి, ‘వాడికి పెద్దాయనగా ఒక మాట చెప్పండి బాబూ’ అంది. వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మందు ఎందుకు మానావురా అంటే, ‘వేసుకుంటే బతుకుతానండి. బతికి ఎవరింటికి వెళ్ళాలి?’ అన్నాడు. నెమ్మదిగా అడిగితే తెలిసింది. సొంత మేనకోడలి పెళ్ళికి, మగపెళ్ళివారికి తెలిస్తే బాగుండదని, మేనమామను రావద్దన్నారు. బుట్టలో పెళ్ళికూతుర్ని మోసుకు రావలసిన మేనమామ ఆ రోజు ఇంట్లో తలుపు వేసుకుని పడుకున్నాడు. ఆ రోజు నుంచే మందు ఆగింది.

ఏ.ఆర్.టి. డాక్టరు అతన్ని మానసిక వైద్యుని దగ్గరకు పంపారు. కౌన్సిలింగు, మందులు ఇచ్చారు. కోలుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు ఆటో తోలుతున్నాడు, మందు వేసుకుంటున్నాడు. అక్క ఇంటికి మాత్రం ఇంకా వెళ్ళలేదు. అక్కే తమ్ముని ఇంటికి వచ్చి పిలవాలని తల్లి ఎదురుచూస్తోంది.

రెండవది మన బోటి పింఛనుదారు సంగతి. పదిహేనేళ్ళుగా మందు వాడుతున్నారు. ఆ మధ్య వేరే కారణానికి ఆపరేషన్ అయింది. పెద్ద ఖర్చే. మెడికల్ రీయింబర్స్‌మెంటుకు బిల్లు పెట్టండి, కాగితాలు నేను సర్దుతానన్నాను. పెట్టలేదు. కారణం చివరకు చెప్పారు. డిశ్చార్జి సమ్మరీలో ఆ మూడు అక్షరాలు ఉన్నాయి. ఆ కాగితం ఆఫీసులో ఎన్ని చేతులు మారుతుందో, ఎవరు ఎవరితో అంటారో అని భయం. నియమాల ప్రకారం రావలసిన సొమ్మును, ఒక మాట బయటికి పొక్కుతుందన్న భయంతో ఆయన వదులుకున్నారు. సాయంత్రాలు మన సంఘం గదికి రావడం కూడా మానేశారు.

మోసేవారి బరువు

కొడుకూ కోడలూ పోయి, మనవలను పెంచుతున్న తాతలూ నాయనమ్మలూ మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. వారి పింఛనే ఆ ఇంటికి ఆధారం. ‘నేను పోతే వీడికి మాత్ర ఎవరు వేస్తారు?’ అనేది వారి దిగులు. సేవ చేసేవారికి కూడా కుంగుబాటు వస్తుంది. వారి నిద్ర, వారి ఆకలి కూడా ఎవరో ఒకరు కనిపెట్టాలి. అటువంటి ఇంటికి వెళ్ళి ఒక పూట పిల్లవాడిని చూసుకోవడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం, బ్యాంకు పని చేసి పెట్టడం మనలాంటి ఖాళీగా ఉన్నవారు చేయగలిగినవే.

మనం చేయదగినవి

మొదటిది, కలిసి భోజనం చేయండి. విడిగా కంచం, విడిగా గ్లాసు పెట్టడం ఏ శాస్త్రంలోనూ లేదు. పెళ్ళికి, పేరంటానికి పిలవండి. పది మాటల ఓదార్పు కంటే పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోవడం ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

రెండవది, అడగండి, వినండి. ‘మాత్ర వేసుకున్నావా లేదా’ అని తనిఖీ అధికారిలా కాదు. ‘ఈ మధ్య నిద్ర పడుతోందా? మనసెలా ఉంది?’ అని అడగండి. ‘ధైర్యంగా ఉండాలి, అంతా నీ చేతుల్లో ఉంది’ వంటి మాటలు జబ్బు పడిన మనసుకు ఎక్కవు. కాలు విరిగినవాణ్ణి లేచి నడవమన్నట్టు ఉంటుంది.

మూడవది, చావు మాట ఎత్తినవారిని తేలికగా తీసుకోకండి. ‘అలాంటి ఆలోచనలు వస్తున్నాయా?’ అని సూటిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు అందుబాటులో లేకుండా చేయండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నాలుగవది, చికిత్స ఉందని తెలుసుకోండి. ఏ.ఆర్.టి. కేంద్రంలో కౌన్సిలరు ఉంటారు. వారికి చెబితే మానసిక వైద్యుని దగ్గరకు పంపుతారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైనప్పుడు, తొలి నాలుగు జిల్లాలలో అప్పటి మన మెదక్ జిల్లా ఒకటి. కుంగుబాటుకు ఇచ్చే మందులు తలనొప్పి మాత్రలా వెంటనే పనిచేయవు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వారం రోజులు వాడి ‘లాభం లేదు’ అని మానకూడదు. బాగుందనిపించాక కూడా డాక్టరు చెప్పేదాకా వాడాలి. ఇవి మత్తుమందుల్లా వ్యసనంగా మారేవి కావు. అయితే హెచ్.ఐ.వి. మందుల పేర్లు మానసిక వైద్యునికీ, అక్కడి మందుల పేర్లు ఏ.ఆర్.టి. డాక్టరుకూ తప్పక చెప్పాలి. నాటుమందులు వాడుతున్నా చెప్పాలి. కొన్ని మందులు ఒకదానితో ఒకటి పొసగవు.

ఇంట్లో కూర్చునే మాట్లాడాలంటే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో ప్రారంభమైంది. నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. హెచ్.ఐ.వి. సందేహాలకు 1097. ఈ రెండు నంబర్లూ డైరీ మొదటి పేజీలో రాసుకోమని మనవి.

చట్టం ఏమంటోంది?

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టాన్ని 2017లో చేశారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదని, ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి అనుమతి లేకుండా వెల్లడించకూడదని అందులో ఉంది. ముఖ్యంగా మన ఇళ్ళకు సంబంధించినది ఒకటుంది. హెచ్.ఐ.వి. ఉన్న కారణంగా ఎవరినీ వారు ఉంటున్న ఉమ్మడి ఇంటి నుంచి వెళ్ళగొట్టరాదు, ఇంట్లోని సౌకర్యాలు వాడుకోనివ్వకుండా చేయరాదు. కోడలిని గడప దాటించిన అత్తమామలకు, వంటగదిలోకి రానివ్వని బావగార్లకు ఇది తెలియాలి. ఇంటి పెద్దలు మనమే కనుక ఈ చట్టం ముందుగా చదవవలసినవారం కూడా మనమే.

ఒక విన్నపం

చివరగా సర్వసభ్య సమావేశానికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. మన సంఘం తరఫున సభ్యుల వైద్య బిల్లుల కాగితాలు ఇద్దరు ముగ్గురు సభ్యులు చూసి పెడుతున్నారు. ఇకపై ఆ కాగితాలు మూసిన కవరులో, పేర్కొన్న ఒక్క సభ్యుని చేతికే ఇవ్వాలని, జబ్బు వివరం ఏదైనా సరే సంఘం గదిలో చర్చకు రాకూడదని తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. హెచ్.ఐ.వి. అనే కాదు, క్యాన్సరయినా, మానసిక జబ్బయినా అంతే. ఖర్చు లేని పని. దీనివల్ల ఒక్కరు తమ బిల్లు ధైర్యంగా పెట్టుకోగలిగినా, సాయంత్రం పూట మళ్ళీ మన గదికి వచ్చి పేపరు చదువుకోగలిగినా, ఆ తీర్మానానికి ఫలితం దక్కినట్టే.

ఈ తీర్మానాన్ని బలపరచడానికి ఎవరూ తమ ఇంటి సంగతి చెప్పుకోనక్కరలేదు. చెయ్యి ఎత్తితే చాలు.